చారిత్రకాధారముల పరీక్ష – చరిత్రాధ్యయన ప్రయోజనము

నిర్వచనము, పరిధి

గతకాలమునుండి మిగిలి వచ్చిన శాసనము, నాణెము, గ్రంథము, కట్టడము, దస్త్రము, నోటిమాట మొదలగు సాక్ష్యములలో ఏది అసలైనది, ఏది కల్పితము, అసలైనదానిలో సైతము ఏ మాట ఎంతవరకు నమ్మదగినది అని నిర్ణయించుటకు చరిత్రకారులు అనుసరించు పద్ధతులకు ఆధారపరీక్ష యని పేరు. ఆధారవిమర్శ యనియు దీనిని వ్యవహరింతురు. చరిత్రకారుడు తాను వర్ణించు సంఘటనను కన్నులార చూచినవాడు కాడు. రసాయనశాస్త్రజ్ఞునివలె దానిని మరల జరిపించి చూడగలవాడును కాడు. కావున అతని నిర్ణయములు గణితసిద్ధాంతములవలె తిరుగులేనివి కాక, అప్పటికి లభించిన సాక్ష్యమునుబట్టి అధికసంభావ్యములుగా మాత్రమే నిలుచును.

ఈ విషయమున ప్రధానముగ గుర్తింపదగినదేమన, ఆధారమునకు స్వతస్సిద్ధమైన విలువ యనునది లేదు. అడిగిన ప్రశ్ననుబట్టియే దాని విలువ ఏర్పడుచుండును. ఒక ప్రశ్నకు పనికిమాలిన పత్రమే మరియొక ప్రశ్నకు అమూల్యమగును. కూటశాసనము సైతము, తాను చెప్పుకొను కాలమునకు సాక్ష్యము కాకపోయినను, తన్ను సృష్టించిన కాలపు ఆశలకును తగవులకును నిజమైన సాక్ష్యమే.

పద్ధతి పరిణామము (చూ. చరిత్రరచన)

విన్నదానిని చూచినదానినుండి వేరుచేయవలెనను వివేకము ప్రాచీనమైనది. క్రీ. పూ. 5వ శతాబ్దిలో గ్రీకు చరిత్రకారుడగు థూసిడిడీస్, ఒకే యుద్ధమును చూచినవారు పక్షపాతముచేతను మరపుచేతను పలువిధములుగ చెప్పుదురని గుర్తించి, వారి మాటలను ఒకదానితో నొకటి పోల్చి చూచెను. 1030 ప్రాంతమున భారతదేశమునుగూర్చి గ్రంథము రచించిన అల్ బిరూనీ, జనులు స్వలాభమునకో, స్వజాతిపై మమకారముచేతనో, భయముచేతనో, కేవలాజ్ఞానముచేతనో అసత్యము చెప్పుదురని పీఠికలోనే వివరించెను. 1148లో రాజతరంగిణిని ఆరంభించిన కల్హణుడు పూర్వకవుల రచనలతో తృప్తినొందక, ప్రతిష్ఠాశాసనములను, దానశాసనములను, ప్రశస్తులను తాను పరిశీలించితినని చెప్పుకొనెను. అయినను ఆ గ్రంథముననే రణాదిత్యుడను రాజు 300 సంవత్సరములు పాలించినట్లున్నది. పద్ధతి నెరుగుట వేరు, దానిని తుదివరకు పాటించుట వేరు అనుటకు ఇదియొక నిదర్శనము. 1377లో ఇబ్న్ ఖల్దూన్ తన చరిత్రోపోద్ఘాతమున మరియొక మెట్టెక్కెను. మోషే వెంట 6 లక్షలకు మించిన యోధులుండిరను సంప్రదాయమును ఉదాహరించి, అంతటి సేనను పోషింపగల భూమి యేది, అంత పొడవైన పంక్తిలో ఒక కొననున్నవానికి రెండవ కొనలో జరుగునది తెలియుటెట్లు అని ప్రశ్నించి, సాక్షి యెవ్వడైనను చెప్పబడిన విషయము సాధ్యమా కాదా యని ముందు చూడవలెనని బోధించెను.

ఐరోపాలో ఈ విమర్శకు పదును పెట్టినవి మతాధికారమును, భూస్వామ్యమును గూర్చిన తగవులు. రోమక చక్రవర్తి కాన్‌స్టంటైన్ పశ్చిమసామ్రాజ్యాధికారమును పోపునకు ధారపోసినట్లు చెప్పు దానపత్రమును 1440లో లోరెంజో వల్లా పరీక్షించి, అందలి లాటిను భాష 4వ శతాబ్దిది కాదనియు, ఆనాటి రోమక రాజ్యాంగమునకు తెలియని బిరుదులు అందున్నవనియు చూపి, అది కల్పితమని ఋజువుచేసెను. 1681లో జీన్ మాబియాన్ అను ఫ్రెంచి సన్యాసి, రాజపత్రముల లిపి, సిరా, ముద్ర, సంబోధనారీతులనుబట్టి వాని సత్యాసత్యములను తేల్చు శాస్త్రమునకు పునాది వేసెను. 19వ శతాబ్దిలో లియొపోల్డ్ వాన్ రాంకే (1795–1886) రాజకీయ దస్త్రములను భాండాగారములలోనే చదివి వ్రాయు ఆచారమును విశ్వవిద్యాలయములలో నెలకొల్పగా, 1898లో లాంగ్లువా, సెనొబోసులు ఈ పద్ధతుల నన్నిటిని ఒక పాఠ్యగ్రంథముగ క్రోడీకరించిరి.

భారతదేశమున ఈ పని ప్రధానముగ శాసనములతో ఆరంభమైనది. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీలిపిని చదివెను. 1886లో హుల్ట్ష్ మద్రాసు ప్రభుత్వ శాసనపరిశోధకుడుగ నియుక్తుడయ్యెను. వెంకయ్య, కృష్ణశాస్త్రి ప్రభృతులు ఆ మార్గమున నడచిరి. తెలుగుదేశమున కొమర్రాజు లక్ష్మణరావు ప్రేరణచే 1906లో వెలసిన విజ్ఞానచంద్రికా మండలి చరిత్రగ్రంథములను ప్రకటించుటయు, 1910లో చిలుకూరి వీరభద్రరావు ఆంధ్రుల చరిత్రము వెలువడ నారంభించుటయు, హైదరాబాదులో లక్ష్మణరాయ పరిశోధక మండలి తెలంగాణా శాసనములను సేకరించి 1935లో సంపుటముగ ప్రకటించుటయు, మల్లంపల్లి సోమశేఖరశర్మ రెడ్డిరాజ్య చరిత్రను 1948లో సమగ్రముగ రచించుటయు ఈ పరిణామములోని ముఖ్యఘట్టములు.

ఆధారభేదములు

సంఘటనా కాలమున పుట్టినదానిని ప్రాథమికాధారమనియు, దానిని చదివి పిమ్మట వ్రాసినదానిని ద్వితీయాధారమనియు విభజించుట సామాన్యాచారము. ఇది స్థిరమైన విభాగము కాదు. చిలుకూరివారి ఆంధ్రుల చరిత్రము కాకతీయులనుగూర్చి ద్వితీయాధారము. 1910 నాటి తెలుగు విద్యావంతుల స్వజాత్యభిమానమునుగూర్చి ప్రాథమికాధారము. భావితరములకు తెలియవలెనని పనిగట్టుకొని వ్రాసినవి, అట్టి తలంపు లేకయే మిగిలిపోయినవి అను విభాగము ఇంతకంటె ఉపయోగకరము. విజయప్రశస్తి మొదటి జాతిది. సుంకపులెక్క, పెంకుముక్క, రెండవ జాతివి. రెండవ జాతివానికి మనలను మోసగింపవలెనను ఉద్దేశ మన్నది లేదు. కాని అవి తమంత తాము మాటలాడవు.

శాసనములు: తెలుగుదేశ చరిత్రకు ప్రధానాధారములివియే. దానశాసనమున సామాన్యముగ రాజప్రశస్తి, దానవిషయము అని రెండు భాగములుండును. ప్రశస్తి కావ్యము, దానభాగము ఆస్తిపత్రము. రాజరాజనరేంద్రుని నందంపూడి శాసనమును రచించినవాడు నన్నయభట్టే యని స్మరించినచో, ప్రశస్తిని ఏ దృష్టితో చదువవలెనో తెలియును. శాసనమున నున్నంతమాత్రమున అది సత్యమనుకొనుట చరిత్ర చదువరులలో తరచు కానవచ్చు అలవాటు. రాయి చిరకాలము నిలుచును, అంతే. ఐహోళె శాసనము (634–35) రెండవ పులకేశి పల్లవరాజును కంచికోట గోడలచాటున దాగునట్లు చేసెనని పొగడగా, పల్లవుల కశాకూడి తామ్రశాసనము మహేంద్రవర్మ పుల్లలూరు వద్ద శత్రువులను నిర్మూలించెనని, శత్రువు పేరు చెప్పకయే, చాటుచున్నది. రెండును అబద్ధములు కానక్కరలేదు. కంచి పొలిమేరవరకు వచ్చిన సేన అచ్చట అడ్డగింపబడెననుకొన్నచో రెండు ప్రశస్తులును తమకు కావలసిన సగమును మాత్రము చెప్పినవని తేలును. ఇందుకు భిన్నముగ, గణపతిదేవుని మోటుపల్లి అభయశాసనము (1244–45), గాలివానలకు ఒడ్డున బడిన ఓడల సరకును పూర్వరాజులు బలాత్కారముగ కైకొనెడివారని చెప్పి, ఇకమీదట సుంకము మాత్రమే గ్రహింతునని వర్తకులకు మాట ఇచ్చుచున్నది. అట్టి భీతి వర్తకులలో లేనిచో అభయమిచ్చు అవసరమే కలుగదు గనుక, ఈ శాసనమున రాజు దయకంటె వర్తకుల కష్టము దృఢముగ ఋజువగుచున్నది.

నాణెములు (చూ. నాణకశాస్త్రము): పురాణములలోని ఆంధ్రరాజుల పట్టికలు ఒకదానితో నొకటి పొసగవు, కొన్ని 30 మంది రాజులను, 450 సంవత్సరములకు మించిన కాలమును చెప్పగా, మరికొన్ని 19 మందితో 300 సంవత్సరములకే ముగించుచున్నవి. గోదావరి యొడ్డున కోటిలింగాల వద్ద లభించిన నాణెములలో ఆ ఆంధ్ర (శాతవాహన) వంశస్థాపకుడగు సిముకునివిగా గుర్తింపబడినవి కలవు. అంతకుముందు ఆతని పేరు పురాణములయందును, నానాఘాట్ గుహలోని ప్రతిమ పైనున్న లేఖనమునందును మాత్రమే తెలిసియుండెను. అచ్చటనే గోబద, నారన, కంవాయ, సమగోప యను, ఏ పురాణమును పేర్కొనని, పాలకుల నాణెములు బయటపడుట మరింత ముఖ్యము.

వాఙ్మయము: కావ్యము రాజు గెలిచిన యుద్ధమునకు దుర్బలసాక్షి; వీధిలో అమ్మిన వస్తువునకు బలవత్తరసాక్షి. ఈ సూక్ష్మమును గ్రహించి సురవరం ప్రతాపరెడ్డి 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్రను వెలువరించెను. క్రీడాభిరామము, శుకసప్తతి, హంసవింశతి వంటి గ్రంథములలో కవులు అలవోకగ పేర్కొన్న ఆటలు, కట్టుబట్టలు, పిండివంటలు, పనిముట్లు ఆతనికి ఆధారములైనవి.

విదేశీయుల వ్రాతలు: దేశస్థులకు నిత్యపరిచితమగుటచే వ్రాయదగినదిగ తోచని సంగతులను పరదేశి వ్రాయును, తనకు అర్థము కానిదానిని సైతము అంత ధైర్యముగనే వ్రాయును. విజయనగరమునకు వచ్చిన పోర్చుగీసులు పేయస్, నూనిజ్‌లయందు ఈ రెండు లక్షణములును కలవు. రాయచూరు దండయాత్రకు కృష్ణరాయలు 7 లక్షలకు మించిన కాల్బలమును నడిపెనని నూనిజ్ లెక్కించెను. ఇబ్న్ ఖల్దూన్ ప్రశ్న ఇచ్చటను వేయదగినదే.

కైఫీయతులు: కాలిన్ మెకంజీ (1754–1821) తన సర్వే పనితోపాటు కావలి బొర్రయ్య, లక్ష్మయ్య మున్నగు సహాయకులచే గ్రామగ్రామమున సేకరింపజేసిన వృత్తాంతములు ఇవి. కరణముల కవిలెలలోని పూర్వవిషయములు నశింపక నిలిచినది వీనియందే. కాని తన ఊరి అగ్రహారము, మాన్యము ఎంత ప్రాచీనమైనదని దొరవారి మనుష్యులకు తోచిన కరణమునకు అంత మేలు. అందుచేత ఒక శతాబ్దికి లోపలి సంగతులలో కైఫీయతు చాలవరకు విశ్వసనీయము, అంతకు పూర్వపు సంగతులలో శాసనముతో పోల్చిచూడక గ్రాహ్యము కాదు.

మౌఖికాధారములు: 1757 జనవరి 24న జరిగిన బొబ్బిలియుద్ధమునకు ఆంగ్లమున రాబర్ట్ ఆర్మ్ రచనయు, తెలుగున దిట్టకవి నారాయణకవి రంగరాయచరిత్రమును, జంగములు పాడు కథయు కలవు. పాటలో తేదీలుండవు, ఎవరి మాటకు ఎవరు నొచ్చుకొనిరో ఉండును. తెలుగున చారిత్రకస్పృహ గద్యచరిత్రలలోనే వెదకదగినది కాదనియు, ఆయా కాలములలో ప్రచారము గల సాహిత్యప్రక్రియలన్నిటిలో వెదకవలెననియు వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యములు 2001లో ప్రతిపాదించిరి.

బాహ్యపరీక్ష

పత్రము తాను చెప్పుకొను కాలమున, తాను చెప్పుకొను వారిచేత పుట్టినదేనా యని విచారించుట బాహ్యపరీక్ష. లిపి, భాష, ద్రవ్యము, కాలగణన దీనికి సాధనములు. తెలుగు–కన్నడలిపి శతాబ్దమునకొక తీరున మారుచు వచ్చినది. తలకట్టు ఆకారమును, ఒత్తుల రూపమును చూచి అనుభవశాలియగు శాసనశాస్త్రజ్ఞుడు ఇంచుమించుగ కాలమును చెప్పగలడు. చోళరాజు పేర వెలసిన తామ్రపత్రమున విజయనగరకాలపు అక్షరములున్నచో విచారణ అచ్చటనే ముగియును.

కాలపరీక్ష మన శాసనములకు ప్రత్యేకముగ అనువైనది. శకవర్షము, ప్రభవాది సంవత్సరనామము, మాసము, తిథి, వారము, గ్రహణము అన్నియు కలిసి వ్రాయు ఆచారముండుటచే, ఇవి ఒకదానితో నొకటి సరిపడునో లేదో గణింపవచ్చును. సెవెల్, దీక్షితులు 1896లోను, స్వామికన్ను పిళ్లె 1922లోను ఇట్టి గణనకు పట్టికలు ప్రకటించిరి. కల్పనాకారుడు గడచిన కాలపు తిథిని ఊహించి వ్రాయగలడు. దానికి సరిపడు వారము దైవికముగ కుదురుటకు ఏడింట ఒక వంతు మాత్రమే అవకాశము. అయితే తేదీ తప్పినంతమాత్రమున శాసనము కూటమని త్రోసిపుచ్చరాదు. లేఖకుడు గతశకమునకు వర్తమానశకమును వ్రాసి యుండవచ్చును, శిల్పి అంకెను తప్పుగ చెక్కి యుండవచ్చును. ఫ్లీట్ 1901లో కూటశాసనముల పెద్దపట్టికను ప్రకటించినప్పుడు, అనేక లక్షణములు ఏకముఖముగ విరోధించినచోటనే తీర్పు చెప్పుట క్షేమమని తెలిసినది.

వ్రాతప్రతులలో ప్రశ్న వేరు. అచ్చట మూలము నశించి నకళ్లు మాత్రమే మిగులును. సి. పి. బ్రౌన్ 1829లో వేమన పద్యములను ప్రకటించునాటికి వివిధ ప్రతులను పోల్చవలసివచ్చెను. ఒక ప్రతిలో నున్నది వేరొకదానిలో లేదు. మకుటము చేర్చినచో ఎవ్వరి పద్యమైనను వేమనదగుట అతిసులభము గనుక, ఆ పేర ప్రచారములో నున్న పద్యములలో ఏవి ఆతనివో తేల్చుట నేటికిని వివాదాస్పదమే.

ద్రవ్యపరీక్ష ఆధునికమైనది. 1949లో విల్లర్డ్ లిబ్బీ ప్రకటించిన రేడియోకార్బన్ పద్ధతి జీవద్రవ్యముల వయస్సును చెప్పును; రాయి చెక్కిన కాలమును చెప్పలేదు. 1983లో హిట్లరు దినచర్యలని ప్రకటింపబడిన పుస్తకములు జర్మను భాండాగారమున పరీక్షింపబడినప్పుడు, ఆ కాగితమున రెండవ ప్రపంచయుద్ధానంతరమే వాడుకలోనికి వచ్చిన తెలుపుద్రవ్యము కలదని తేలి, మోసము కొలదిదినములలోనే బయటపడెను.

ఆంతరపరీక్ష

పత్రము అసలైనదని తేలిన పిమ్మట, అది చెప్పు మాట ఎంతవరకు నిజమని విచారించుట ఆంతరపరీక్ష. చెప్పినవాడు చూచెనా, వినెనా? సంఘటనకు ఎంత కాలము పిమ్మట చెప్పెను? చెప్పుటవలన అతనికేమి లాభము? తనకు నష్టకరమగు సంగతి ఒప్పుకొనెనా? ఇట్టి ప్రశ్నలకు ఒకే పత్రములోని వేర్వేరు వాక్యములు వేర్వేరు సమాధానముల నిచ్చును. కావున నమ్మదగిన గ్రంథము, నమ్మదగని గ్రంథము అను మాట కంటె, నమ్మదగిన వాక్యము, నమ్మదగని వాక్యము అనుట సరియైనది.

మార్కోపోలో ఇందుకు ఉత్తమోదాహరణము. 13వ శతాబ్ది తుదిభాగమున మోటుపల్లి రాజ్యమును వర్ణించుచు, దానిని న్యాయవర్తినియగు ఒక రాణి పాలించెననియు, ఆమె పూర్వరాజు భార్యయనియు వ్రాసెను. స్త్రీ పాలించెననుట శాసనములచే దృఢపడుచున్నది. భార్యయనుట తప్పు, రుద్రమదేవి గణపతిదేవుని కుమార్తె. లోయలలోనికి మాంసపుముక్కలు విసరి, గ్రద్దలు వానిని పైకి తెచ్చినప్పుడు అంటుకొనివచ్చిన వజ్రములను ఏరుకొందురని ఆతడు చెప్పిన కథ అంతకు శతాబ్దములకు పూర్వమే, 4వ శతాబ్దివాడగు ఎపిఫేనియస్ రచనలో, రత్నములనుగూర్చి వేరొక దేశమునకు సంబంధించి కలదు. ఒకే అధ్యాయమున మూడు వాక్యములు మూడు తరగతులకు చెందినవి: ఒకటి నిజము, ఒకటి వినికిడి దోషము, ఒకటి దేశదేశములు తిరిగిన కథ.

రుద్రమదేవి పాలన 1295 ప్రాంతమువరకు సాగెనని చిరకాలము తలంపబడెను. నల్లగొండ జిల్లా చందుపట్లలో లభించిన, శక 1211 మార్గశిరమునకు, అనగా 1289 నవంబరునకు, చెందిన శాసనమున పువ్వుల ముమ్మడి యను ఉద్యోగి, శివలోకప్రాప్తినందిన రుద్రమదేవికిని, ఆమె సేనాని మల్లికార్జున నాయకునికిని పుణ్యముగ భూదానము చేసెను. ఇందు దాత ఉద్దేశము దానమే, మరణవార్త ప్రాసంగికము. ఆ కారణముచేతనే దానికి బలము హెచ్చు. రాణియు సేనానియు ఒక్కమారు స్మరింపబడుటనుబట్టి వారు యుద్ధమున మరణించిరనియు, ఆ యుద్ధము తిరుగబడిన కాయస్థ అంబదేవునితోననియు పలువురు చరిత్రకారులు ఊహించిరి. ఊహ సయుక్తికమైనదే, కాని శాసనమున యుద్ధము మాటయు లేదు, అంబదేవుని మాటయు లేదు. పాఠ్యపుస్తకములలో ఈ రెండింటిని, శాసనవాక్యమును ఊహను, ఒకే స్వరముతో చెప్పుట తరచు జరుగుచున్నది.

పరీక్షాక్రమమునకు ఉదాహరణము: ప్రతాపరుద్రుని అంత్యదశ (చూ. కాకతీయులు, ముసునూరి నాయకులు)

1323లో ఢిల్లీ సేనాని ఉలుగ్ ఖాన్ ఓరుగంటి కోటను పట్టుకొనెను. కాకతీయ ప్రతాపరుద్రుడు బందీయై ఢిల్లీకి పంపబడెనని 1357లో గ్రంథము ముగించిన జియాఉద్దీన్ బరనీ వ్రాసెను. ఆ పిమ్మట ఏమయ్యెనను ప్రశ్నకు నాలుగు సమాధానములు లభించుచున్నవి.

మొదటిది ముసునూరి ప్రోలయనాయకుని విలస తామ్రశాసనము. కోనసీమలోని విలస గ్రామమును ఒక బ్రాహ్మణునికి దానమిచ్చు సందర్భమున, ప్రతాపరుద్రుడు ఢిల్లీకి కొనిపోబడుచు సోమోద్భవా తీరమున, అనగా నర్మదాతీరమున, స్వర్గస్థుడయ్యెనని ఇందున్నది. రెండవది 14వ శతాబ్ది తుదిని షంసీ సిరాజ్ అఫీఫ్ రచించిన పారసీక చరిత్ర. ఆతడు వ్రాయుచున్నది ప్రతాపరుద్రుని కథ కాదు. తెలంగాణమునుండి వచ్చి ఢిల్లీలో మంత్రియైన ఖాన్ జహాన్ మక్బూల్ కథ. మక్బూల్ రాజుతో వచ్చెనని చెప్పు సందర్భమున, రాజు దారిలో మరణించెనని ఒక మాట అనెను. మూడవది రెడ్డిరాణి అనితల్లి 1423లో ఇచ్చిన కలువచేరు శాసనము; ప్రతాపరుద్రుడు తన ఇచ్ఛచేతనే స్వర్గమునకేగెనని అందు కలదు. నాలుగవది ఏకామ్రనాథుని ప్రతాపరుద్రచరిత్రము. దానిననుసరించి సుల్తాను రాజును దైవాంశసంభూతునిగ గ్రహించి విడిచిపుచ్చగా, రాజు కాశికేగి ఓరుగంటికి తిరిగివచ్చెను.

ఈ నాలుగింటిని కాలక్రమమున నిలిపి చూచినచో, విలస శాసనము సంఘటనకు అతిసమీపము. అది కోల్పోయిన రాజ్యమును ఉద్ధరించితినని చెప్పుకొను నాయకునిది గనుక, తురుష్కపాలనలోని బాధలను అది వర్ణించు తీరున కవిత్వపు పాలెంతయో విచారింపవలెను; కాని రాజు ఏ నదియొడ్డున మరణించెనో మార్చి చెప్పుటవలన ప్రోలయకు కలుగు లాభమేమియు కానరాదు. అఫీఫ్ ఎదుటిపక్షమునకు చెందినవాడు, సంస్కృతశాసనమును చూచి యుండడు, సంగతిని ప్రసంగవశమున చెప్పినవాడు. పరస్పరసంబంధము లేని, విరోధిపక్షములకు చెందిన రెండు సాక్ష్యములు దారిలో మరణము అను అంశమున ఏకీభవించుటచే ఆ అంశము సిద్ధము. స్థలము నర్మదాతీరమనుటకు విలస శాసనమొక్కటియే సాక్షి, అది సంభావ్యము.

ఆత్మహత్యావాదము కలువచేరు శాసనములోని ఒక్క పదబంధముపై నిలిచినది. ఆ శాసనము సంఘటనకు సరిగ నూరేండ్లు పిమ్మటిది. రాజు మరణమును గౌరవముగ చెప్పుటకు అట్టి మాట వాడుట కావ్యాచారమును కావచ్చును. కావున అది అసాధ్యము కాదు, సిద్ధమును కాదు. ప్రతాపరుద్రచరిత్రము 16వ శతాబ్దిదని సామాన్యముగ ఎంచబడుచున్నది. రాజు తిరిగివచ్చెననుట పై రెండు సాక్ష్యములకును విరుద్ధము గనుక సంఘటన విషయమున త్రోసిపుచ్చదగినది. అంతటితో ఆ గ్రంథము పని ముగియలేదు. కాకతీయరాజ్యము గతించిన రెండు శతాబ్దములకు తెలుగువారు ఆ రాజ్యమును ఎట్లు స్మరించుకొనిరి, ఢిల్లీ సుల్తానును ఏ స్థానమున నిలిపి ఆలోచించిరి అను ప్రశ్నలకు అంతకు మించిన ఆధారము లేదు. సింథియా టాల్బట్ దానిని ఈ దృష్టితోనే వినియోగించుకొనెను.

లేని ఆధారము

దొరికినదానిని పరీక్షించుట కంటె, దొరకనిదానిని గుర్తించుట కష్టము. దానశాసనము భూమిగలవానిని, దేవాలయమును, బ్రాహ్మణుని, వర్తకుని పేర్కొనును. ఆ భూమిని దున్నినవానిని పొలిమేరగుర్తులకు ఇచ్చినంత శ్రద్ధతో సైతము పేర్కొనదు. గూడెం–రంప కొండప్రాంతములలో 19, 20 శతాబ్దులలో చెలరేగిన తిరుగుబాట్లనుగూర్చి మిగిలిన వ్రాతలలో అత్యధికభాగము వానిని అణచిన పోలీసులవి, కలెక్టరులవి. అట్టి దస్త్రములను ఎదురునుండి చదివి, అధికారి నేరమన్నచోట గిరిజనుని అభియోగమును వెదకు పద్ధతిని 1982లో ఆరంభమైన సబాల్టర్న్ స్టడీస్ సంపుటములు ప్రచారమునకు తెచ్చినవి; మొదటి సంపుటముననే డేవిడ్ ఆర్నల్డ్ ఈ తిరుగుబాట్లనుగూర్చి వ్రాసెను. తెలంగాణా సాయుధపోరాటమున పాల్గొన్న స్త్రీల అనుభవములను స్త్రీశక్తి సంఘటన వారినే అడిగి వ్రాసికొని 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా ప్రకటించెను. దశాబ్దముల పిమ్మటి జ్ఞాపకమునకు గల దోషములు అట్టి గ్రంథమునకును కలవు. అయినను దానికి బదులుగ చదువదగిన దస్త్రము మాత్రము లేదు.

అభిప్రాయభేదములు

ఆధారములు తమంత తామే చరిత్రను చెప్పునను విశ్వాసము రాంకే అనుయాయులలో ప్రబలముగ నుండెను. 1961లో ఇ. హెచ్. కార్, ఏ విషయము చారిత్రకవిషయమగునో ఎన్నుకొనువాడు చరిత్రకారుడే గనుక ఆతని కాలమును, పక్షమును సైతము పరీక్షింపవలెనని వాదించెను. ఈ వాదమును తుదిదాక కొనిపోయి చరిత్రకును కథకును భేదమే లేదనువారును కలరు. విజయనగర స్థాపనను గూర్చిన చర్చ ఈ ప్రశ్నలకు దగ్గరి ఉదాహరణము: విద్యారణ్యుని పాత్రను తెలుపు కథ శృంగేరి మఠమున పిమ్మట పుట్టినదని ఫాదర్ హెరాస్ 1929లో ప్రతిపాదింపగా, నేలటూరి వెంకటరమణయ్య స్థాపకుల తెలుగు సంబంధమును సమర్థించెను, కన్నడమూలమును సమర్థించినవారు ఇతరులు. వాదించినవారి మాతృభాషలకును నిర్ణయములకును సంబంధము కొంత కానవచ్చుచున్న మాట నిజము. అట్లని వాదములన్నియు సమానములు కావు. 1336 నాటివని చెప్పుకొను కొన్ని తామ్రశాసనములు కూటములని తేలిన పిమ్మట వానిపై కట్టిన వాదము, కట్టినవాడెవ్వడైనను, నిలువలేదు.

చరిత్రాధ్యయన ప్రయోజనము

చరిత్ర భవిష్యత్తును చెప్పునను నమ్మకము నేటి చరిత్రకారులలో అరుదు. దాని ప్రయోజనములు ఇంతకంటె పరిమితములు, నిశ్చితములు.

మొదటిది వ్యావహారికము. పురాతన గ్రహణలేఖనములను గణనతో పోల్చి భూభ్రమణవేగము క్రమముగ తగ్గుచున్న తీరును ఖగోళశాస్త్రజ్ఞులు కొలిచిరి. 1864 నవంబరున మచిలీపట్టణమును ముంచిన ఉప్పెనవంటివాని వృత్తాంతములు తీరప్రాంతమున నీరెంతదూరము రాగలదో తెలుపును. పాకాల, రామప్ప వంటి కాకతీయకాలపు చెరువులు నేటికిని పొలములకు నీరిచ్చుచున్నవి. వానిని ఎవరు కట్టించిరో తెలుపునవి శాసనములే.

రెండవది రాజకీయము. 1937 నవంబరు 16న కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక, 1956 ఫిబ్రవరి 20న ఆంధ్ర, తెలంగాణ నాయకులు చేసికొన్న పెద్దమనుషుల ఒప్పందము, చరిత్రవిద్యార్థులకు మాత్రమే సంబంధించిన కాగితములు కావు. రాజధాని, హైకోర్టు, నీరు, ఉద్యోగములు అను ప్రశ్నలు తలయెత్తినపుడెల్ల, 1969లోను, 1972లోను, 2014 విభజనకు ముందును, ప్రత్యర్థిపక్షములు వీనినే ఉదాహరించినవి. ఎవరు సంతకము చేసిరి, ఏ షరతు వ్రాతలో నున్నది, ఏది పిమ్మట చేర్చి చెప్పబడినది, ఏది ఆచరణకు వచ్చినది అని చూచుటకు కావలసినవి, తామ్రశాసనమును చదువుటకు కావలసిన ప్రశ్నలే.

మూడవది బుద్ధిసంబంధమైనది. ఊరి పేరునకు కథ, గుడికి కథ, కులమునకు కథ ఉండుట సర్వసామాన్యము. పాలంపేట గుడి రామప్ప యను శిల్పి పేర ప్రసిద్ధము. అచ్చటి 1213 నాటి శాసనము దానిని కట్టించిన రేచర్ల రుద్రుని పేర్కొనుచున్నది. చరిత్ర చదివినవాడు శిల్పి కథను ఎగతాళి చేయడు, శాసనముతో సమముగ నమ్మడు. కథ ఎప్పటినుండి వినవచ్చుచున్నదని అడుగును. 2021లో ఆ ఆలయము యునెస్కో ప్రపంచవారసత్వ జాబితాలో చేరినప్పుడు రుద్రేశ్వరాలయమను శాసనసిద్ధనామమును, రామప్ప గుడి యను వాడుకపేరును రెండును నమోదైనవి.